వంద బ్యారెళ్లు తోడితే తొంభై నీళ్లే: పాత చమురు క్షేత్రాల లెక్క

సీఎస్ఈ స్టూడెంట్‌కి చమురు బావులతో పనేంటని మొన్న క్లబ్ మీటింగ్‌లోనే ఒకరు అడిగారు. పని ఉంది. ఈ సెమిస్టర్‌లో పెట్రోలియం బ్రాంచ్ ఫ్రెండ్‌తో కలిసి ఒక మినీ ప్రాజెక్ట్ తీసుకున్నాను. టాపిక్ పేరు కాస్త భారీగా ఉంటుంది: నీరు ఎక్కించిన పాత రిజర్వాయర్లలో చమురు, నీటి ప్రవాహాల మోడలింగ్. లోపలికి దిగి చూస్తే అన్నీ మనకి తెలిసిన లెక్కలే. ఒక భిన్నం, ఒక వాలు, ఒక లాగ్, చివర్లో ఒక రిగ్రెషన్. ఇంటర్ మ్యాథ్స్ గుర్తుంటే చాలు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం కాబట్టి నా తెలుగులో ఇంగ్లీష్ మాటలు దొర్లుతాయి, సర్దుకుపోండి.

అసలు నీరు ఎందుకు ఎక్కిస్తారు?

భూమి కింద చమురు చెరువులాగా నిలవ ఉండదు. ఇసుకరాయిలోనో సున్నపురాయిలోనో ఉండే సన్నటి రంధ్రాల్లో, తడి స్పాంజిలో నీళ్లలాగా ఉంటుంది. బావి తవ్విన కొత్తలో లోపలి ఒత్తిడే దాన్ని పైకి తోస్తుంది. తోడేకొద్దీ ఆ ఒత్తిడి పడిపోతుంది. అలా సొంత బలంతో వచ్చేది ఉన్నదాంట్లో చిన్న భాగమే. మిగతాదాని కోసం కొన్ని బావుల్లోంచి నీటిని లోపలికి పంపుతారు. వీటిని ఇంజెక్టర్లు అంటారు. చమురు పైకి తీసే బావులు ప్రొడ్యూసర్లు. నీరు రెండు పనులు చేస్తుంది: ఒత్తిడి నిలబెడుతుంది, చమురుని ప్రొడ్యూసర్ వైపు నెడుతుంది. దీన్నే వాటర్‌ఫ్లడింగ్ అంటారు.

ఈ పద్ధతి మొదట ఎవరూ ప్లాన్ చేసింది కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బ్రాడ్‌ఫర్డ్ క్షేత్రంలో పాత బావుల్లోకి పై పొరల నీరు కారింది. దానివల్ల చుట్టుపక్కల బావుల్లో చమురు పెరగొచ్చని జాన్ కార్ల్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1880లోనే రాశాడు. కానీ నీరు చొరబడితే క్షేత్రం పాడవుతుందనే భయం వల్ల చట్టం ఒప్పుకోలేదు. 1921లో పెన్సిల్వేనియా దాన్ని అనుమతించింది. 1880ల మొదట్లో శిఖరాన్ని చూసి చల్లబడిపోయిన ఆ క్షేత్రం, 1930ల్లో నీటి పుణ్యమా అని మళ్లీ ఇంకో శిఖరం ఎక్కింది.

పెద్ద ఉదాహరణ కావాలంటే చైనాలోని దాచింగ్. 1959 సెప్టెంబర్‌లో చమురు పడింది, 1960 నుంచే నీరు ఎక్కించడం మొదలుపెట్టారు. 1976 నుంచి 2002 దాకా, వరసగా 27 ఏళ్లు, ఏడాదికి 5 కోట్ల టన్నులకి తగ్గకుండా తీశారు. ఇప్పుడు అక్కడ పైకి వచ్చే ద్రవంలో 90 శాతం కంటే ఎక్కువ నీళ్లే. మన దేశంలో 1974లో కనిపెట్టిన ముంబై హైలో కూడా 1980ల నుంచి ఇదే పద్ధతి. మనకి ఇంకా దగ్గరగా, కోనసీమలో సూరసాని యానాం తీరానికి ఎదురుగా ఉన్న రవ్వ క్షేత్రంలో కూడా సముద్రపు నీటిని శుద్ధి చేసి పొరలోకి పంపుతారు.

మూడు శాతం తేడా ఎంత పెద్దది?

పైకి వచ్చిన ద్రవంలో నీటి శాతాన్ని వాటర్ కట్ అంటారు. ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. వాటర్ కట్ 90 అంటే ఒక బ్యారెల్ చమురుకి 9 బ్యారెళ్ల నీరు. 95 అంటే 19 బ్యారెళ్లు. 98 అంటే 49. శాతంలో 95కీ 98కీ తేడా మూడే, కానీ మోయాల్సిన నీరు రెండున్నర రెట్లు. ఒక బ్యారెల్ అంటే 159 లీటర్లు. ఆ నీటిని పైకి ఎత్తాలి, చమురు నుంచి వేరు చేయాలి, శుభ్రం చేయాలి, మళ్లీ లోపలికి పంపాలి. ప్రతి దశలో కరెంటు ఖర్చే. అందుకే ఈ రంగంలో శాతం కంటే నీరు÷చమురు నిష్పత్తినే చూస్తారు. మనం కూడా అదే చూద్దాం.

రాయిలో ఇద్దరి పోటీ

1856లో ఫ్రాన్స్‌లోని దిజోన్ ఊరి నీటి సరఫరా మీద పని చేస్తూ హెన్రీ డార్సీ ఇసుకలోంచి నీరు ఎంత వేగంగా పోతుందో కొలిచాడు. ఒత్తిడి తేడా ఎక్కువైతే ప్రవాహం ఎక్కువ, ద్రవం జిగట ఎక్కువైతే ప్రవాహం తక్కువ. ఈ నియమం ఒక్క ద్రవానికి సరిపోతుంది. రెండు ద్రవాలు ఒకే రంధ్రాల్లో ఉన్నప్పుడు ఒకదానికొకటి అడ్డం పడతాయి. నీరు ఎంత ఎక్కువ చోటు ఆక్రమిస్తే దానికి దారి అంత సులువు, చమురుకి అంత ఇరుకు. ఈ సులువుని రెలెటివ్ పర్మియబిలిటీ అంటారు.

లెక్క కోసం ఒక ఊహా రాయిని తీసుకుందాం. అంకెలు నేను అనుకున్నవే. చమురు జిగట నీటి కంటే 10 రెట్లు ఎక్కువ. అయితే చమురంతా కదలదు, కొంత బొట్లుబొట్లుగా రాయిలోనే చిక్కుకుపోతుంది. ఆ చిక్కుకున్న బొట్లు అడ్డం ఉండటం వల్ల, చివరికి నీరు చమురు ప్రయాణించిన సులువులో 0.3 వంతు సులువుతోనే వెళ్తుంది అనుకుందాం. 10 × 0.3 = 3. అంటే చివరి స్థితిలో నీటికి చమురు కంటే 3 రెట్లు చలాకీతనం.

ఇప్పుడు ఒక చోట కదలగలిగే చమురులో ఎంత వంతుని నీరు తోసేసిందో దాన్ని 'స' అందాం. స = 0 అంటే నీరు ఇంకా ముట్టుకోలేదు, స = 1 అంటే కదిలేదంతా పోయింది. సులువు వర్గంగా మారుతుందనుకుంటే,

నీరు ÷ చమురు = 3 × స² ÷ (1 − స)²

అంకెలు వేసి చూడండి:

స = 0.3 అయితే వాటర్ కట్ 36 శాతం
స = 0.5 అయితే 75 శాతం
స = 0.7 అయితే 94 శాతం
స = 0.8 అయితే 98 శాతం
స = 0.9 అయితే 99.6 శాతం

సగం చమురు ఇంకా అక్కడే ఉండగా ప్రవాహంలో మూడు వంతులు నీళ్లే. 30 శాతం మిగిలి ఉండగానే 94. బావిలోంచి నీళ్లు వస్తున్నాయంటే చమురు అయిపోయిందని కాదు అర్థం. నీటికి దారి సులువైపోయింది, అంతే.

ముందు బస్సు, వెనక బస్సు

ఇది ఒక్క చోటి సంగతి. ఇంజెక్టర్ నుంచి ప్రొడ్యూసర్ దాకా నీరు ఎలా నడుస్తుందో 1942లో బక్లీ, లెవరెట్ అనే ఇద్దరు చూపించారు. వాళ్ల సమీకరణం చెప్పేది ఏమిటంటే, ప్రతి 'స' విలువకీ ఒక వేగం ఉంటుంది. వాటర్ కట్‌ని 'స'తో గ్రాఫ్ గీస్తే, ఆ బిందువు దగ్గర వాలే ఆ వేగం. మన గ్రాఫ్ మధ్యలో నిటారుగా, మొదట్లో పడుకుని ఉంటుంది. అంటే ముందు వెళ్తున్న చిన్న 'స' విలువలు నెమ్మది, వెనక ఉన్న మధ్య విలువలు వేగం. వెనక ఎక్స్‌ప్రెస్ ముందు పల్లెవెలుగుని అందుకుంటుంది. ఇక్కడ ఓవర్‌టేక్ చేయడానికి దారి లేదు కాబట్టి అన్నీ ఒక గోడలాగా పేరుకుని కలిసి నడుస్తాయి. ఈ గోడ ఎంత ఎత్తో తెలియాలంటే సున్నా నుంచి గ్రాఫ్‌కి ఒక స్పర్శరేఖ గీస్తే చాలు. మన రాయికి అది సరిగ్గా స = 0.5 దగ్గర తాకుతుంది.

కదిలే చమురు మొత్తం ఎంత పరిమాణమో దాన్ని ఒక 'నిండు' అందాం. ఇప్పుడు కథ ఇలా నడుస్తుంది. 0.67 నిండు నీరు పంపేదాకా ప్రొడ్యూసర్‌లో స్వచ్ఛమైన చమురే వస్తుంది. తర్వాత గోడ బావిని తాకుతుంది, వాటర్ కట్ సున్నా నుంచి ఒక్కసారిగా 75కి ఎగురుతుంది. అప్పటికి 67 శాతం చమురు చేతికొచ్చింది. 1.93 నిండుల దగ్గర వాటర్ కట్ 94, మొత్తం వచ్చింది 81 శాతం. 4 నిండుల దగ్గర వాటర్ కట్ 98, వచ్చింది 88 శాతం. 11 నిండులు పంపితే 94.5 శాతం.

మొదటి 67 శాతానికి ముప్పావు నిండు కూడా పట్టలేదు. 81 నుంచి 88కి రావడానికి, అంటే ఏడు శాతం కోసం, రెండు నిండులకి పైనే పట్టింది. పాత క్షేత్రం అంటే ఈ రెండో భాగంలో బతుకుతున్న క్షేత్రం.

నీటి జిగట పెంచితే? అదే సూత్రంలో నీటిని చమురుతో సమానంగా చిక్కగా చేస్తే, 3 బదులు 0.3 వస్తుంది. అప్పుడు గోడ 0.93 నిండుల దాకా బావిని తాకదు. దాచింగ్‌లో 1990ల మధ్య నుంచి పెద్ద ఎత్తున నీటిలో పాలిమర్ కలిపి పంపుతున్నది ఈ ఆశతోనే. నిజం రాయిలో ఇంత లాభం రాదు, కానీ దిశ మాత్రం ఇదే.

సరళరేఖ ఆశ పెడుతుంది

ఫీల్డ్‌లో ఇంజనీర్లకి బాగా అలవాటైన ఒక గ్రాఫ్ ఉంది. అడ్డంగా ఇప్పటిదాకా తీసిన మొత్తం చమురు, నిలువుగా నీరు÷చమురు నిష్పత్తి లాగ్. పాత బావుల్లో ఇది చాలాకాలం సరళరేఖలా కనిపిస్తుంది. రేఖని ముందుకి పొడిగించి, ఖర్చులు గిట్టని నిష్పత్తి దగ్గర ఆపి, ఇంత చమురు మిగిలి ఉందని చెప్తారు. తేలిక, చవక, ఎక్సెల్‌లో అయిపోతుంది.

మన రాయి మీద దీన్ని పరీక్షించి చూశాను. నిష్పత్తి 3 ఉన్నప్పుడు వచ్చింది 67 శాతం, 16.3 ఉన్నప్పుడు 81 శాతం. ఈ రెండు బిందువుల మీదుగా గీత గీసి నిష్పత్తి 243 దాకా, అంటే స = 0.9 దాకా పొడిగిస్తే జవాబు 104 శాతం. కదిలే చమురు వందే అయితే గీత 104 ఇస్తానంటోంది! సరే, మొదటి బిందువు గోడ తగిలిన క్షణంది కదా, ఇంకాస్త తర్వాతి బిందువులు తీసుకుందాం అని 16.3, 48 నిష్పత్తుల దగ్గరి బిందువులతో గీశాను. అప్పుడు 99 శాతం. అసలు జవాబు 94.5.

కారణం సూత్రంలోనే ఉంది. 'స' ఒకటికి దగ్గరయ్యేకొద్దీ (1 − స)² సున్నాకి పోతుంది, నిష్పత్తి ఆకాశానికి పోతుంది. అసలు గ్రాఫ్ పైకి వంగుతుంది, సరళరేఖ వంగదు. అందుకే మన రాయిలో ఆ తప్పు రెండుసార్లూ ఒకే వైపు, ఉన్నదానికంటే ఎక్కువ చూపించే వైపే వచ్చింది. ట్రైనింగ్ డేటా బయట మోడల్‌ని నమ్మొద్దని మనకి క్లాసులో చెప్పే మాటే ఇది. ఇక్కడ ఆ నమ్మకం మీద కొత్త పంపులు కొంటారు, కొత్త బావులు తవ్వుతారు. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతం కంటే ఎక్కువ బయటినుంచి కొనుక్కునే మనకి, ఉన్న బావిలో ఎంత మిగిలిందన్న లెక్క చిన్న విషయం కాదు.

కాలువలో గండి

ఇప్పటిదాకా రాయి అంతా ఒకేలా ఉందనుకున్నాం. నిజానికి ఒక పొర మెత్తగా, ఇంకోటి గట్టిగా, మధ్యలో పగుళ్లు. డెల్టాలో పొలాలున్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కాలువ నిండా నీళ్లు వదిలినా మధ్యలో గండి పడితే నీరంతా అటే పోతుంది, శివారు పొలం ఎండుతుంది. కాలువలో ఇంకా నీరు పెంచితే గండి ఇంకా పెద్దదవుతుంది తప్ప శివారుకి చేరదు.

రిజర్వాయర్‌లోనూ అంతే. ఇంజెక్టర్ నుంచి ప్రొడ్యూసర్‌కి ఒక సులువైన దారి పడితే పంపిన నీరే గిర్రున తిరిగి వస్తుంది. పక్కనే గట్టి పొరలో చమురు కదలకుండా ఉంటుంది. కాబట్టి పాత క్షేత్రంలో అసలు ప్రశ్న: ఏ ఇంజెక్టర్ నీరు ఏ ప్రొడ్యూసర్‌కి ఎంత చేరుతోంది? భూమిలోకి తొంగి చూడలేం. మన దగ్గర ఉన్నవి నెలవారీ అంకెలు మాత్రమే: ఎంత పంపారు, ఎంత వచ్చింది.

మనకి తెలిసిన ఫిల్టరే

ఇక్కడే నాకు ఈ టాపిక్ నచ్చేసింది. 2006లో యూసెఫ్, జెంటిల్, జెన్సెన్, లేక్ అనే నలుగురు ఒక పేపర్‌లో రిజర్వాయర్‌ని కరెంటు సర్క్యూట్‌లాగా చూశారు. కెపాసిటర్ చార్జ్ దాచుకున్నట్టు రాయి ఒత్తిడిని దాచుకుంటుంది, రెసిస్టర్ అడ్డుకున్నట్టు ప్రవాహాన్ని అడ్డుకుంటుంది. పేరు కూడా అదే, కెపాసిటెన్స్ రెసిస్టెన్స్ మోడల్. సీఆర్ఎమ్ అంటారు. సారాంశం ఒక్క లైన్:

ఈ నెల ద్రవం = క్షయం × పోయిన నెల ద్రవం + (1 − క్షయం) × (ప్రతి ఇంజెక్టర్ వాటా × అది పంపిన నీరు, అన్నీ కలిపి)

ఇది ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్! షేర్ మార్కెట్ గ్రాఫుల్లో, ఆడమ్ ఆప్టిమైజర్‌లో వాడేదే. కాకపోతే ఇక్కడ అంకెలకి అర్థం ఉంది. 'వాటా' అంటే ఆ ఇంజెక్టర్ నీటిలో ఈ బావికి చేరే భాగం. అది సున్నాకి తగ్గదు, ఒక ఇంజెక్టర్ వాటాలన్నీ కలిపితే ఒకటి దాటవు, ఎందుకంటే లేని నీరు పుట్టదు. 'క్షయం' అంటే రాయి ఎంత ఆలస్యంగా స్పందిస్తుందో.

ఉదాహరణకి ఒక ప్రొడ్యూసర్, రెండు ఇంజెక్టర్లు. వాటాలు 0.6, 0.2. రోజుకి 1000, 500 బ్యారెళ్లు పంపుతున్నారు. స్థిరపడ్డాక ప్రొడ్యూసర్‌లో 600 + 100 = 700 వస్తుంది. మొదటి ఇంజెక్టర్‌ని 1500కి పెంచారు. చివరికి 1000కి చేరాలి, కానీ వెంటనే చేరదు. క్షయం నెలకి 0.607 అయితే, మొదటి నెల చివర 818, రెండో నెల 890, మూడో నెల 933. భూమికి తొందర లేదు.

ఇది మొత్తం ద్రవం. అందులో చమురు ఎంతో తెలియడానికి ఇంకో చిన్న మోడల్ జోడిస్తారు: నీరు÷చమురు నిష్పత్తి లాగ్‌ని, ఆ బావి వైపు ఇప్పటిదాకా చేరిన మొత్తం నీటి లాగ్‌తో సరళరేఖగా కలపడం. వంకర సమస్య ఇక్కడా ఉంటుంది, కాబట్టి ఇటీవలి డేటాతో, దగ్గరి భవిష్యత్తుకే వాడాలి.

లాభం ఏమిటంటే, నిర్ణయం కనిపిస్తుంది. ఒక ఇంజెక్టర్ నీరు వాటర్ కట్ 98 ఉన్న బావికి పోతోంది, ఇంకోటి 90 ఉన్న బావికి. బావి దాకా చేరే 500 బ్యారెళ్లని మొదటి దారిలో పంపితే చమురు 10 బ్యారెళ్లు, రెండో దారిలో 50. పంపులు కొత్తగా కొనలేదు, బావి కొత్తగా తవ్వలేదు. వాల్వ్ తిప్పారు, అంతే. ఎక్కువకాలం తోస్తే రెండో బావిలోనూ నీరు పెరుగుతుంది కాబట్టి ఈ లెక్క ఒకసారి చేసి వదిలేసేది కాదు.

ఒకే డేటా, మూడు జవాబులు

ఇంత తేలికైతే అందరూ చేసేసేవారు. ఇబ్బంది డేటాలో ఉంది. రెండు ఇంజెక్టర్లూ ఒకే పంప్ హౌస్ నుంచి నడుస్తాయనుకోండి. పంపు పెంచితే రెండూ పెరుగుతాయి, కరెంటు పోతే రెండూ ఆగుతాయి. మొదటిది ఎప్పుడూ రెండోదానికి రెట్టింపు. అప్పుడు పై ఉదాహరణలో వాటాలు 0.6, 0.2 అయినా 700 వస్తుంది. 0.5, 0.4 అయినా 700. 0.7, 0 అయినా 700. ప్రతి నెలా మూడూ అచ్చు ఒకేలా సరిపోతాయి. ఎర్రర్ గ్రాఫ్ చూసి ఏది నిజమో ఎవరూ చెప్పలేరు.

కానీ నిర్ణయం మారిపోతుంది. రెండో ఇంజెక్టర్ ఆపేసి ఆ 500 కూడా మొదటిదానికి ఇద్దామనుకుంటే, మొదటి జవాబు ప్రకారం 900 వస్తుంది, రెండో జవాబు ప్రకారం 750, మూడోదాని ప్రకారం 1050. గతాన్ని సమానంగా చెప్పిన ముగ్గురు జ్యోతిష్కులు భవిష్యత్తు దగ్గర మూడు మాటలు చెప్తున్నారు.

పెద్ద సిమ్యులేటర్లు వాడితే ఇది పోతుందా? అవి రిజర్వాయర్‌ని లక్షల గడులుగా కోసి, ప్రతి గడిలో వచ్చిన ద్రవం, పోయిన ద్రవం లెక్క చూస్తాయి. పొరలు, పగుళ్లు, కొత్త బావులు ఎక్కడ తవ్వాలి లాంటి ప్రశ్నలకి అవి కావాల్సిందే. కానీ ప్రతి గడికీ తెలియని అంకెలు ఉంటాయి. తెలియనివి లక్షల్లో, కొలతలు వేలల్లో ఉంటే గతానికి సరిపోయే జవాబులు మూడు కాదు, లెక్కలేనన్ని. మనలో చాలామందికి మోడల్ పెద్దదైతే నిజానికి దగ్గరవుతుందనే నమ్మకం ఉంది. నాకూ పెద్ద మోడళ్లంటే ఇష్టమే. కానీ ఇక్కడ మందు మోడల్ సైజులో లేదు, ప్రయోగంలో ఉంది. ఒక ఇంజెక్టర్‌ని కొన్ని వారాలు తగ్గించి, రెండోదాన్ని కదిలించకుండా చూస్తే మూడు జవాబుల్లో రెండు వాటంతట అవే పడిపోతాయి. ఆ కొన్ని వారాలు చమురు కాస్త తగ్గొచ్చు. అది జవాబుకి కట్టే ఫీజు. ఆ ఫీజు కట్టకుండా వాల్వ్ మూసేస్తే, తప్పు బావిని ఆపి దాని చుట్టూ ఉన్న చమురుని అక్కడే వదిలేయొచ్చు. మూసేసిన బావిని మళ్లీ తెరవడానికి అయ్యే ఖర్చు చూసి చాలాసార్లు ఎవరూ తెరవరు.

కాబట్టి పాత క్షేత్రం మోడల్ ఎవరైనా చూపిస్తే నేనైతే రెండు ప్రశ్నలు అడుగుతాను. ఇదే డేటాకి సరిపోయే ఇంకో జవాబు ఉందా? ఉంటే, ఆ జవాబు ప్రకారం మీ నిర్ణయం మారుతుందా? మారకపోతే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. మారితే ముందు ప్రయోగం చేయాలి.

మీరూ చేసి చూడండి

1. నీరు÷చమురు సూత్రంలో 3 బదులు 10 పెట్టండి. అంటే చమురు ఇంకా జిగట. స = 0.5 దగ్గర వాటర్ కట్ ఎంత? (జవాబు 91 శాతం రావాలి.)

2. రెండు ఇంజెక్టర్లకి 24 నెలల అంకెలు మీరే సృష్టించండి. ఒకసారి రెండూ కలిసి పెరిగేలా, ఇంకోసారి విడివిడిగా. వాటాలు 0.6, 0.2 పెట్టి ద్రవం లెక్కించి, దానికి కొంచెం నాయిస్ కలిపి, పైథాన్‌లో వాటాలు మళ్లీ కనుక్కోండి. నాయిస్ మార్చి పదిసార్లు నడపండి. ఏ డేటాలో జవాబు నిలకడగా ఉంటుందో, ఏ డేటాలో ఊగుతుందో గమనించండి.

రెండోది ముప్పై నలభై లైన్ల కోడ్‌కి మించదు. గ్రాఫ్ వచ్చాక క్లబ్ గ్రూప్‌లో పెట్టండి, కలిసి చూద్దాం.